నడక చట్రానికి నాలుగు చెప్పులు

పదకొండు నెలలు నేను ఇంటి కప్పు చూస్తూ బతికాను, సహోదరులారా! మా మట్టి మిద్దెకు పొగ పోవడానికి వదిలిన గవాక్షి ఒకటి ఉంది, అందులోంచి రొట్టెంత ఎండ లోపలికి దిగేది, అది పొద్దున పడమటి గోడ మీద ఉండేది, మధ్యాహ్నానికి దిగి తిరగలి పక్కకు వచ్చేది, సాయంత్రానికి తూర్పు గోడెక్కి పోయేది, నేను మాత్రం మంచంలో వేసిన చోటే ఉండేదాన్ని. కాళ్లు లేని ఎండ ఇల్లంతా తిరుగుతుంటే రెండు కాళ్లున్న నేను కదల్లేకపోతినే అని ఆ ఎండ మీద కూడా నాకు అసూయ పుట్టింది. ఏ రోజు ఆదివారమో, ఏ రోజు సంతో తెలిసేది కాదు. నిద్రకూ మెలకువకూ నడుమ గీత చెరిగిపోయింది, ఎప్పుడో చనిపోయిన మా అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని ఉల్లిగడ్డలు ఒలిచేది, నేను ఆమెతో మాట్లాడేదాన్ని, ఎవరితో మాట్లాడుతున్నావని మా ఇంటాయన అడిగితే నీతో కాదులే పో అని కసిరేదాన్ని.

నా పేరు శాంతమ్మ, ఈ పండుగ పూట చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. నాకు బాప్తిస్మమిచ్చిన అయ్యగారు నన్ను నెలల బిడ్డగా చూసి ఆ పేరు పెట్టాడు పాపం, నాకు మాటలొచ్చాక చూసి ఉంటే ఇంకేదైనా పెట్టేవాడు. బేతంచెర్ల దగ్గర బండల గనిలో పదిహేనేళ్లు పని చేశాను, నా సంగతి మీలో సగం మందికి తెలుసు, నేను నడిస్తే వెనక వచ్చేవాళ్లు పరుగెత్తాల్సిందే. నా ముందు ఎవరైనా మెల్లగా నడిస్తే నాకు ఒళ్లు మండేది. ముసలమ్మలను కూడా వదిలేదాన్ని కాదు, పెళ్లినడకలు నడుస్తున్నారేమిటి, పక్కకు తప్పుకోండి అనేదాన్ని, వాళ్లలో కొందరు ఇప్పుడు ఇక్కడే ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నారు, నవ్వండి తల్లీ, నవ్వే హక్కు మీకుంది.

ఆ రోజుల్లో ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది, అక్కడ ఆఫీసులకూ ఇళ్లకూ బండలు కావాలని గని దగ్గర బండి వెనక బండి నిలబడేది. బండ ఎత్తాలంటే ఇటొకరు అటొకరు పట్టి, ఇద్దరూ ఒక్క మాటగా ఎత్తాలి, అది గనిలో పుట్టిన పిల్లకు కూడా తెలుసు. ఆ పొద్దు నా జోడీ మనిషి మంచినీళ్లకు పోయింది. ఆమె వచ్చేదాకా ఆగలేకపోయాను, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగి, ఆమె రాకపోతే నాకేమి చేతులు లేవా అని ఒక్కదాన్నే దొంతిలోంచి బండ లాగాను. దొంతి జారింది. నేను వెల్లకిలా పడ్డాను, బండ నా ఎడమ తుంటి మీద పడింది, ఆ పైన నాకు గుర్తున్నదల్లా ఆకాశం, ఎంత నీలంగా ఉందంటే, నొప్పి ఇంకా తెలియక ముందు ఒక్క క్షణం, ఎంత బాగుంది అనుకున్నాను.

ఎముకలు కట్టే ముసలాయన వచ్చి వెదురు బద్దలు వేసి కట్టు కట్టాడు, తనకు తెలిసింది చేశాడు, ఆయన్ను నేనేమీ అనను. కానీ తుంటి అతకలేదు. జ్వరాలు వచ్చాయి, కాలు కర్రలా బిగిసిపోయింది. మా ఇంటాయన తోలు పని చేస్తాడు, చెప్పులు కుడతాడు, ఆయన పని ముందేసుకుని నా మంచం పక్కనే కూర్చునేవాడు. మాటలు తక్కువ మనిషి. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని గనుక ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు ఆ అవసరం రాలేదు.

ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. నెలకొకసారి ఇక్కడ ప్రభువు బల్ల జరుగుతుందే, వాకిలి దగ్గర నుంచి ఒక్కొక్కరే నడిచిపోయి ఆ బల్ల ముందు రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటామే, ఆ నడక అంటే నాకు ప్రాణం. మంచాన పడ్డ మొదటి నెలలోనే పాస్టరయ్య రొట్టె, గిన్నె గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. నేను తీసుకోలేదు, సహోదరులారా! నా కాళ్ల మీద నేను నడిచి వచ్చి తీసుకుంటాను గానీ, మంచంలో పడుకుని నోరు తెరిచి తీసుకోను అన్నాను. పైగా అది భక్తి అనుకున్నాను. ఆయన ప్రార్థన చేసి పోయాడు. రెండో నెల కూడా వచ్చాడు, మూడో నెల కూడా వచ్చాడు, ప్రతిసారీ అదే మాట అన్నాను. ఆ బల్ల దగ్గరికి నా కాళ్ల మీద నేను పోవాలి, అంతే, ఇంక నాకు ఈ లోకంలో కావాల్సింది ఏదీ లేకపోయింది.

పదకొండో నెల దాటాక పాస్టరయ్యే పట్టుబట్టి మమ్మల్ని రైలెక్కించి మిషను ఆసుపత్రికి పంపాడు. అక్కడ గోడలన్నీ తెల్లసున్నం. కాలికి బరువులు కట్టి మంచం చివర నుంచి వేలాడదీశారు, వారాల తరబడి అలా పడుకుని ఉంటే ఆ తెల్లగోడ మెల్లగా మబ్బయ్యేది, నేను మబ్బుల్లో పడవ మీద పోతున్నట్టు ఉండేది, ఎక్కడో దూరంగా పాటలు వినిపించేవి, అవి పక్క గదిలో నర్సులు పాడే పాటలో, నా తలలో పాటలో ఇప్పటికీ తెలియదు. ఒక్క మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. డాక్టరమ్మ వంగి, ఎముక అతుక్కుంది గానీ కాలు అంగుళం పొట్టి అయింది, ఇక మీదట పట్టుకుని నడవాలి, ఇంకొక్కసారి పడ్డావంటే ఆ తుంటిని నేను బాగు చేయలేను అని చెప్పింది.

ఆమే నాకు నడక చట్రం తెచ్చి ఇచ్చింది. నాలుగు కాళ్లు, ముందొక అడ్డపట్టె, పైన చేతులు ఆనించే రెండు పట్టెలు, చూస్తే నార అల్లని చిన్న మంచంలా ఉంది. లేచేటప్పుడు చట్రాన్ని పట్టి లాగవద్దు, మంచం మీద చేతులు ఆనించి లేవాలి అంది. ముందు చట్రం జరపాలి, నాలుగు కాళ్లూ నేల మీద ఆనాయా లేదా చూసుకోవాలి, తర్వాత చెడ్డ కాలు, తర్వాత మంచి కాలు, తిరగాలంటే చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరగాలి, నడుం మెలిపెట్టకూడదు. నాకు, నలభై ఏడేళ్ల ఆడదానికి, గని అంతా ఉరికిన దానికి, నడవడం నేర్పింది! సిగ్గుతో చచ్చిపోయాను. మొదటి రోజు నాలుగు అడుగులు వేశాను, నాలుగో అడుగుకు చట్రం ఆనక ముందే కాలు వేయబోతే డాక్టరమ్మ నా నడుం పట్టుకుని ఆపింది.

"తొందర నీ జబ్బు శాంతమ్మా," అంది ఆమె, "తుంటి కాదు."

ఇంటికి వచ్చాక మా ఊరి వడ్రంగి ఆ మాదిరిగానే తుమ్మచెక్కతో చట్రం చేసి ఇచ్చాడు, గట్టిది. కానీ ఆసుపత్రి చట్రానికి అడుగున రబ్బరు తొడుగులు ఉండేవి, మాకు ఆ రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? ఉత్త చెక్క కాళ్లు ఇంట్లో పరిచిన బండల మీద సర్రున జారేవి. మా ఇంటాయన రెండు రోజులు చట్రం ముందు కూర్చుని చూశాడు. మూడో రోజు ఎనుము తోలు తీసి, గరుకు వైపు కిందికి వచ్చేలా మూడు పొరలు వేసి, నాలుగు చిన్న చెప్పులు కుట్టాడు, చట్రం కాళ్లకు తొడిగి బిగించుకోవడానికి ఒక్కొక్కదానికి ఒక తోలు వారు కూడా పెట్టాడు. అవి తొడిగాక చట్రం ఆనిన చోటు నుంచి కదల్లేదు! ఊళ్లో వాళ్లు చూడ్డానికి వచ్చారు, కర్రకు చెప్పులు కుట్టిన మొనగాడని మా ఇంటాయన్ను ఆటపట్టించారు, ఆయన నవ్వి ఊరుకున్నాడు.

అప్పటి నుంచి మూడు నెలలు మా వాకిట్లో నేను నడక నేర్చుకున్నాను. చట్రం జరిపి యేసయ్యా అనేదాన్ని, చెడ్డ కాలు వేసి నడిపించు అనేదాన్ని, మంచి కాలు వేసి నాయనా అనేదాన్ని, యేసయ్యా, నడిపించు, నాయనా, ఇదే నా ప్రార్థన, అడుగడుక్కీ ఒక ప్రార్థన. అంత మెల్లగా నేను పుట్టి ఎప్పుడూ నడవలేదు. మెల్లగా నడిస్తే లోకం వేరేగా ఉంటుంది, సహోదరులారా! మా వాకిట్లో వేపచెట్టు ఉందని తెలుసు గానీ దాని పూత రాలేటప్పుడు చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. చీమలు బండ సందుల్లో వరస కట్టి పోతుంటే వాటి వెనకే నేనూ పోయేదాన్ని, కొన్ని రోజులు అవే నాకంటే ముందు గోడ చేరేవి. ఎండాకాలం గాలికి లేచిన ఎర్ర దుమ్ములో ఇళ్లూ మనుషులూ కరిగిపోతున్నట్టు కనిపించేవాళ్లు, ఆ దుమ్ము నడుమ నేను ఒక్కదాన్నే ఏదో కలలో నడుస్తున్నట్టు, నా ముందు ఎవరో నా అడుగుకు తగ్గట్టు మెల్లగా నడుస్తున్నట్టు ఉండేది.

ఆ తర్వాత నెల ప్రభువు బల్లకు నేను వస్తానని చెప్పి పంపించాను. చర్చి వాకిలి దాకా ఎద్దుల బండిలో వచ్చాను. దిగాను. అప్పటికే మీలో చాలామంది లోపల పాడుతున్నారు. వాకిట్లో అందరి చెప్పులూ వరసగా విడిచి ఉన్నాయి, నా చెప్పులు నేనూ విడిచాను, అప్పుడు కిందికి చూస్తే నా చట్రం నాలుగు చెప్పులు తొడుక్కుని నిలబడి ఉంది.

తోలు చెప్పులు, వీధిలో బండి దిగి దుమ్ములో తొక్కిన చెప్పులు, వీటితో దేవుని సన్నిధికి పోతానా? మండే పొద దగ్గర మోషేను చెప్పులు విడువమన్నాడని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని కదా. అంతేకాదు, ఇంకొకటి కూడా ఉంది, అది నోరు తెరిచి చెప్పాలంటే కష్టం. మా తాత, మా నాయన పెద్ద వీధిలో అడుగుపెట్టే ముందు చెప్పులు విడిచి చంకలో పెట్టుకునేవాళ్లు, వీధి దాటాక తొడుక్కునేవాళ్లు, ఆ చెప్పులు కుట్టింది వాళ్లే అయినా సరే. ఇప్పుడెవరూ అలా చేయమని నోటితో చెప్పడం లేదు. అయినా పెద్దవాళ్ల ముందుకు పోతున్నామంటే మా చేతులు వాటంతట అవే కాళ్ల దగ్గరికి వంగుతాయి. నేను మా ఇంటాయన్ను పిలిచి వాటిని విప్పమన్నాను. ఆయన నా మొహం చూశాడు. విప్పవద్దన్నట్టు తల ఆడించాడు. నేను ఊరుకుంటానా? దేవుని దగ్గర మర్యాద తెలియదా నీకు అని నలుగురిలో గద్దించాను. పాపం ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్క వారూ విప్పి, నాలుగు చిన్న చెప్పులూ మన అందరి చెప్పుల పక్కన వరసగా పెట్టాడు.

ఈ చర్చి నేల చూడండి, సహోదరులారా. నల్లబండలు, అద్దంలా నునుపు చేసినవి. నేను గనిలో ఉన్నప్పుడు ఏరి ఏరి నా నెత్తి మీద మోసి తెచ్చిన బండలే ఇవి, వీటి మెరుపు చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో! ఆ పొద్దు కిటికీ వెలుతురు పడి నేలంతా నీళ్లు నిలిచినట్టు ఉంది. ఆ నీళ్ల మీద నేను ఉత్త చెక్క కాళ్ల చట్రం పెట్టాను. యేసయ్యా అన్నాను, నడిపించు అన్నాను, మూడో మాట నా నోట రాకముందే చట్రం నా చేతుల్లోంచి ముందుకు జారిపోయింది, నేను వెనక్కి పడ్డాను. పాట ఆగిపోయింది. మీలో ఎంతమంది పరుగెత్తుకొచ్చారో నాకు కనిపించలేదు, నాకు పైకప్పు మాత్రమే కనిపించింది.

మంచం మీద వేసి మోసుకుపోయారు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటారే, అదే! ఇంకొక్కసారి పడితే నేను బాగు చేయలేను అన్న డాక్టరమ్మ మాట చెవిలో మోగుతూనే ఉంది. తుంటి వాచింది, ఎముక నిలిచిందో లేదో ఆసుపత్రికి పోయి చూపించుకోవడానికి కూడా నేను ఒప్పుకోలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ చట్రాన్ని కొట్టి పొయ్యిలో పెట్టు అన్నాను మా ఇంటాయనతో. నేను దేవుని కోసం చెప్పులు విడిస్తే దేవుడు నన్ను తన ఇంట్లోనే పడేశాడు, ఇంక నాకూ ఆయనకూ మాటలు లేవు అన్నాను. నిజంగా అన్నాను సహోదరులారా, దాచను. పన్నెండు రోజులు ప్రార్థన చేయలేదు. పుట్టిన తర్వాత అన్ని రోజులు దేవునితో మాట్లాడకుండా ఉండటం నాకు అదే మొదలు, ఎవరితోనూ మాట్లాడకుండా ఉండటం కూడా అదే మొదలు. ఇల్లు బావిలా నిశ్శబ్దమైపోయింది.

పదమూడో రోజు మధ్యాహ్నం గవాక్షి ఎండ తిరగలి పక్కన ఉంది. కళ్లు మూసుకున్నానో తెరిచే ఉన్నానో తెలియదు. నా ముందు నల్లని నీళ్లు, అల లేదు, చప్పుడు లేదు, కనుచూపు మేరా పరుచుకుని ఉన్నాయి. అవతలి ఒడ్డున తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని చుట్టూ నాకు తెలిసినవాళ్లంతా కూర్చుని ఉన్నారు, మా అమ్మ ఉంది, మా తాత ఉన్నాడు, ఎవరూ తినడం లేదు, ఎవరికోసమో కాచుకుని ఉన్నారు. నేను ఇవతలి ఒడ్డున ఉన్నాను. నా పక్కనే ఒక మనిషి నాకు వీపు చూపించి కూర్చుని, తల వంచి తోలు కుడుతున్నాడు. మా ఇంటాయనే అనుకున్నాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది, కలలో కూడా తొందరే, ఆయన్ను కసిరాను.

"ఏమప్పా, ఎంతసేపు కుడ్తావు? ఆడ అందరూ నాకోసం కాచుకోని ఉండారు."

ఆయన తల ఎత్తలేదు, తొందరపడలేదు. ఆఖరి కుట్టు లాగి ముడి వేసి, దారం కొరికి, నా వైపు తిరిగి నా పాదం తన ఒళ్లో పెట్టుకున్నాడు. చెప్పు తొడిగాడు, వారు బిగించాడు. అప్పుడు ఆ చేతులు చూశాను. రెండు అరచేతుల్లోనూ గాయాలు. తోలు కుట్టే ఆరె తగిలిందా అప్పా అని అడిగాను, మా ఇంటాయన చేతులకు ఆ గాయాలు మామూలే గనుక. ఆయన నా రెండో పాదం అందుకున్నాడు. అంతలో ఇల్లు కనిపించింది, తిరగలి కనిపించింది, మా ఇంటాయన గడప దగ్గర కూర్చుని పని చేసుకుంటున్నాడు, ఆయన చేతుల వైపు చూశాను, చూపుడువేలి మీద ఆరె గీతలున్నాయి గానీ అరచేతుల్లో ఏమీ లేదు. నేను ఎవరిని కసిరానో అప్పుడు తెలిసింది! పన్నెండు రోజుల మౌనం ఒక్కసారిగా పగిలి, నాయనా, నాయనా అని ఏడ్చాను, అంతకు మించి ఒక్క మాట రాలేదు.

ఆ సాయంత్రమే పాస్టరయ్య వచ్చాడు. నేను కల చెప్పలేదు, సిగ్గేసింది. చెప్పుల సంగతి మాత్రం అడిగాను. అయ్యా, దేవుని సన్నిధిలో చెప్పులు విడవడం తప్పా, విడిచినందుకే ఆయన నన్ను పడేశాడా అన్నాను. ఆయన చాలాసేపు బైబిలు పుటలు తిప్పాడు. తర్వాత చదివి, మూసి, ఇలా చెప్పాడు.

"పొద కాడ చెప్పులు విడువమన్న దేవుడే అమ్మా, ఐగుప్తులో బానిసలుగా ఉండే జనానికి బయల్దేరే ముందు భోజనం పెట్టినప్పుడు, చెప్పులు తొడుక్కోని, చేతికర్ర పట్టుకోని తినండి అన్నాడు. మన ప్రభువు బల్ల ఆ భోజనంలోంచే వచ్చింది. బానిసలకు చెప్పులెక్కడివి? ఇంక మీరు బానిసలు కాదని చెప్పేదానికే తొడుక్కోమన్నాడు."

చెప్పులు చంకలో పెట్టుకుని వీధి దాటిన మా నాయన కళ్ల ముందు నిలబడ్డాడు. చర్చి వాకిట్లో నా చేతిని వంగదీసింది భక్తి కాదు సహోదరులారా, ఆ వీధి భయం! ఆ భయాన్నే దేవుని ముందుకు కూడా మోసుకుపోయాను, ఆయన్ను కూడా పెద్ద వీధిలో పెద్దమనిషిని చేసి కూర్చోబెట్టాను. అప్పుడు మా ఇంటాయన, మాటలు తక్కువ మనిషి, తల వంచుకునే ఒక మాట అన్నాడు.

"నేను వాటిని వీధికని కుట్టలేదు మే. ఆయన బల్ల కాడికి నువ్వు పోయేదానికని కుట్టినా."

అంతవరకు నేను ఆయన్ను ఒక్కసారైనా అడిగానా? లేదు. నలుగురిలో గద్దించాను. ఆ పూట దేవుని ముందు ఒప్పుకున్నదంతా మా ఇంటాయన ముందు కూడా ఒప్పుకున్నాను, ఏడుస్తూ ఒప్పుకున్నాను, ఆయనకు ఏం చేయాలో తెలియక లేచి బయటికి పోయి, స్టేషను దాకా ఎద్దుల బండి మాట్లాడుకుని వచ్చాడు. మరునాడే ఆసుపత్రికి పోయాం. డాక్టరమ్మ తుంటి నొక్కి చూసింది, కాలు తిప్పి చూసింది, నవ్వి, వాపే గానీ ఎముక నిలిచింది అంది. దేవునికే మహిమ! నేను మాటలు మానేసిన పన్నెండు రోజులూ ఆయన నా ఎముక పట్టుకునే ఉన్నాడు.

మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను, ఇంకో రెండు నెలలు. ఈసారి డాక్టరమ్మ చెప్పింది ఒక్కటీ తప్పలేదు. మా వాకిట్లో మా ఇంటాయన రెండు నునుపు బండలు తెచ్చి పరిచాడు, చర్చి నేల మీద నడవాలంటే అలాంటి నేల మీదే నేర్చుకోవాలని. చెప్పులు తడిస్తే జారతాయని, అరిగితే జారతాయని, రోజూ పొద్దున నడక మొదలుపెట్టే ముందు నాలుగూ తిరగేసి చూసేవాడు. చట్రానికి తోలు చెప్పులతో లోపలికి రావడం ఏమిటని సంఘంలో ఇద్దరు ముగ్గురు గుసగుసలాడారట, వాళ్లను తప్పు పట్టను, రెండు నెలల కిందట నేను కూడా అదే అనేదాన్ని, ఇంకా గట్టిగా అనేదాన్ని. పాస్టరయ్య వాళ్లకూ అదే వాక్యం చదివి వినిపించాడు.

ఆ ఆదివారం వచ్చింది. వాకిట్లో బండి దిగాను. నా కాళ్ల చెప్పులు మీ అందరి చెప్పుల పక్కన విడిచాను, అది మన మర్యాద, ఉత్త పాదం బండను బాగా పట్టుకుంటుంది కూడా. మా ఇంటాయన నీళ్ల చెంబు పెట్టుకుని గడప దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. చట్రం ఒక్కొక్క కాలూ ఎత్తి, చెప్పుకు అంటిన దుమ్ము తడిగుడ్డతో తుడిచి, తడి మిగలకుండా పొడిగుడ్డతో మళ్లీ తుడిచాడు. నాలుగూ అయ్యాక నా రెండు పాదాలూ కడిగి తుడిచాడు, నేను వద్దన్నా వినలేదు. జనమంతా చూస్తున్నారు. నాకు కళ్లు కనిపించడం మానేశాయి, కన్నీళ్లు తుడుచుకుందామంటే చట్రం మీద నుంచి చెయ్యి తీయకూడదు, అలాగే కారనిచ్చాను.

లోపల అడుగుపెట్టాను. నేల మళ్లీ నీళ్లలాగే ఉంది, వెలుతురు నిండి, లోతు తెలియకుండా. చట్రం పెట్టాను, నాలుగు కాళ్లూ ఆనాయి. కదల్లేదు. యేసయ్యా. నడిపించు. నాయనా. గడప నుంచి బల్ల దాకా ఇరవై రెండు బండలు, నేను మోసినవే గనుక ఒక్కొక్కటీ నాకు తెలుసు, ఒక్కొక్క బండకు మూడు నాలుగు అడుగులు. మీరు పాడుతున్న పాట అయిపోయింది, నేను తొమ్మిదో బండ దగ్గర ఉన్నాను. ఎవరో మళ్లీ అదే పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది, మూడోసారి ఎత్తుకున్నారు. పక్కకు తప్పుకో అని నా నోటితో తిట్లు తిన్న ముసలమ్మలు చేతులు చాపి, పడితే పట్టుకుందామని నా ఇరుపక్కలా కాచుకుని ఉన్నారు, ఒక్కరూ నన్ను తొందర పెట్టలేదు. పాట ఎక్కడి నుంచో నీళ్ల మీదుగా వస్తున్నట్టుంది, నేను నడుస్తున్నానో, నేలే మెల్లగా నన్ను తీసుకుపోతుందో తెలియలేదు. బల్ల పట్టె నా చట్రానికి తగిలాక గానీ చేరానని తెలియలేదు.

మోకరించడం నాకు రాదు, తుంటి వంగదు. నిలబడే తీసుకున్నాను, చట్రం పట్టుకుని, నాలుగు చెప్పులతో. పద్దెనిమిది నెలల తర్వాత పాస్టరయ్య రొట్టె నా నాలుక మీద పెట్టాడు.

నన్ను చాలామంది అడుగుతారు, దీన్ని ఎప్పుడు పారేస్తావు శాంతమ్మా, పూర్తి స్వస్థత ఎప్పుడు అని. డాక్టరమ్మ మాట ప్రకారం ఇది నా చివరిదాకా నాతోనే ఉంటుంది. ప్రార్థన చేయండి, వద్దనను, ఆయనకు అసాధ్యం ఏదీ లేదు. కానీ నాకు విడుదల రాలేదని మాత్రం ఎవరూ జాలిపడవద్దు. తొందర నుంచి విడిపించాడు, గర్వం నుంచి విడిపించాడు, వీధి భయం నుంచి విడిపించాడు, ఆ భయం మా ఇంట్లో మూడు తరాల నుంచి ఉన్నది! తుంటి ఒక్కటే మిగిలింది, అదెంత? నా దేవునికే మహిమ, నన్ను ఓర్చుకున్న మా ఇంటాయనకూ మీకూ ఆయన మేలు చేయుగాక!

ఆఖరి మాట. ఈ పండుగకు వచ్చి వాకిట్లోనే నిలబడ్డవాళ్లు కొందరున్నారని నాకు తెలుసు, ఇక్కడి నుంచి కనిపిస్తున్నారు. తాగుడు మానాక వస్తాను, ఈ జబ్బు నయమయ్యాక వస్తాను, నా బతుకు కాస్త శుభ్రమయ్యాక వస్తాను అనుకుంటూ ఉంటారు. నేను కూడా బాగైతేనే వస్తానని పద్దెనిమిది నెలలు ఆయన రొట్టె తినకుండా ఉన్నదాన్ని, నా మాట వినండి. మీరు దేన్ని పట్టుకుని నిలబడ్డారో దాన్ని పట్టుకునే రండి, ఆయన దాన్ని చూసి మొహం తిప్పుకోడు. ఇప్పుడు మళ్లీ బల్ల దగ్గరికి పోతాను, పాట ఎత్తుకోండి. వాకిట్లో ఉన్నవాళ్లు నా వెంట రండి, సిగ్గుపడాల్సిన పని లేదు, ఈ చర్చిలో నాకంటే మెల్లగా నడిచేవాళ్లు ఎవరూ లేరు.